మెయిల్‌లో బొమ్మలు ఆపే సెట్టింగ్ తీసేయవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో మీరు డాక్యుమెంట్ల పని చూస్తారు. ఔట్‌లుక్‌లో బయటి దేశాల మెయిల్స్ తెరిస్తే బొమ్మలు ఉండాల్సిన చోట ఎర్ర ఇంటూ గుర్తుతో ఖాళీ గడులు వస్తున్నాయి. పైన "మీ ప్రైవసీ కోసం కొన్ని బొమ్మలు డౌన్‌లోడ్ చేయలేదు" అని ఒక పట్టీ. అది చూసి విసుగొచ్చి మీ సారు "ఆ సెట్టింగేదో తీసేసి అన్నీ కనపడేట్టు చెయ్యమ్మా" అన్నారు. తీసేయవచ్చా, తీస్తే వైరస్ వస్తుందా, అసలు బొమ్మకీ ప్రైవసీకీ సంబంధమేంటి అని మీ ప్రశ్న.

తీయకండి. మీరు రోజూ మెయిల్స్ నడిపే పది పదిహేను మందికి మాత్రం విడిగా అనుమతి ఇచ్చుకోండి. మీ సారుకు విసుగు తెప్పిస్తున్న ఖాళీ గడులు చాలావరకు వాళ్ల మెయిల్స్‌లోవే అయి ఉంటాయి, అవి పోతాయి. ముక్కూమొహం తెలియని వాళ్ల మెయిల్స్‌లో మాత్రం గడులు ఖాళీగానే ఉంటాయి. ఉండాలి కూడా.

నేను ఒంగోలులో ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకు, నెల్లూరు వైపు రొయ్యల ప్లాంట్లకు, ఇద్దరు ముగ్గురు ఆడిటర్లకు కంప్యూటర్లు, మెయిల్ చూసిపెట్టడం నా పని. ఈ ప్రశ్న నాకు నెలకొకసారైనా ఎదురవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మెయిల్‌లో బొమ్మ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి మెయిల్‌తోపాటే వచ్చేది. మీ బయ్యరు కంటైనర్ సీలు ఫోటో తీసి అటాచ్ చేస్తే అది ఈ రకం. మెయిల్ దిగినప్పుడే అదీ దిగిపోయింది. మీరు దాన్ని చూశారో లేదో అవతలివాళ్లకు తెలిసే దారి లేదు. ఔట్‌లుక్ వీటిని ఆపదు. రెండో రకం బొమ్మ మెయిల్‌లో ఉండదు. "ఫలానా సర్వర్లో ఫలానా పేరుతో బొమ్మ ఉంది, తెచ్చి చూపించు" అని ఒక అడ్రసు మాత్రమే ఉంటుంది. మీరు మెయిల్ తెరిచిన క్షణంలో మీ కంప్యూటర్ ఆ సర్వర్ దగ్గరికి వెళ్లి బొమ్మ అడుగుతుంది. కిటుకంతా ఆ అడగడంలోనే ఉంది.

పంపినవాడు ఒకే మెయిల్ వెయ్యి మందికి పంపినా బొమ్మ అడ్రసు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి పెట్టగలడు. బొమ్మ అందరికీ అదే. అడ్రసు చివర ఉండే అంకెలూ అక్షరాలూ మీకు వేరు, నాకు వేరు. మీకిచ్చిన అడ్రసుతో ఎవరైనా బొమ్మ అడిగారంటే మీ మెయిల్ తెరుచుకున్నట్టే లెక్క. ఆ బొమ్మ కంటికి కనపడాల్సిన పని కూడా లేదు. అడ్డం ఒక చుక్క, నిలువు ఒక చుక్క, అదీ రంగు లేకుండా. ఫైలు మొత్తం 43 బైట్లలో సరిపోతుంది. దీన్ని ట్రాకింగ్ పిక్సెల్ అంటారు.

రిజిస్టర్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జత చేసేవాళ్లు కదా. పోస్ట్‌మ్యాన్ అడిగేవాడు, మీకు తెలిసే సంతకం పెట్టేవాళ్లు, ఆ కార్డు పంపినవాళ్లకు తిరిగి వెళ్లేది. ఇక్కడ ఎవరూ అడగరు. మీరు కవరు విప్పిన ప్రతిసారీ మీకు తెలియకుండానే సంతకం పడిపోతుంది, గంటా నిమిషంతో సహా.

ఆ ఒక్క అడగడంతో అవతలికి ఏమేం చేరతాయంటే: మీరు మెయిల్ తెరిచిన టైము. మీ ఇంటర్నెట్ కనెక్షన్ ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు. ఫోనులో చూశారా కంప్యూటర్లోనా, చాలాసార్లు ఏ ప్రోగ్రాములో చూశారన్నది కూడా. మళ్లీ మళ్లీ తెరిస్తే ఎన్నిసార్లు తెరిచారన్నది. అన్నిటికంటే ముందు, ఈ మెయిల్ ఐడీ వెనక నిజంగా ఒక మనిషి ఉన్నాడన్నది. ఐపీని బట్టి ఊరు చూస్తే మన వైపు కనెక్షన్లు తరచుగా చెన్నై అనో హైదరాబాద్ అనో చూపిస్తాయి, కాబట్టి ఇంటి గుమ్మం దాకా తెలిసిపోతుందని భయపడక్కర్లేదు. కానీ ఆఫీసు కనెక్షన్ ఐపీ వేరు, ఇంటిది వేరు, ఫోను డేటాది వేరు. ఒకే మెయిల్‌ని సాయంత్రం ఒక చోట, అర్ధరాత్రి ఇంకో చోట చూశారని పట్టుకోవడానికి ఊరి పేరు తెలియాల్సిన పని లేదు.

"మెయిల్ చూశానని తెలిస్తే నాకేం నష్టం?" అని చాలామంది అంటారు. నేనూ మొదట్లో దీన్ని అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. చీమకుర్తిలో జరిగిన ఒక సంగతి తర్వాత మారాను.

గ్యాలక్సీ గ్రానైట్ స్లాబులు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ అది. ఓనరు పెద్దాయన, బేరంలో గట్టి మనిషి. బయటి దేశపు బ్రోకరొకడు రెండు కంటైనర్లకు తన రేటు రాసి మెయిల్ పంపాడు. ఈయన అడిగినదానికంటే బాగా తక్కువ. పెద్దాయన పద్ధతేంటంటే ఇలాంటప్పుడు రెండు రోజులు ఉలకడు, పలకడు. అవతలివాడికి టెన్షన్ మొదలై తనే ఒక మెట్టు ఎక్కుతాడు. ముప్పై ఏళ్లుగా ఆయన బేరాలు అలాగే నడిచాయి. ఆసారి మాత్రం మర్నాడు పొద్దున్నే బ్రోకరు ఫోన్ చేసి, "రాత్రి నుంచి నా మెయిల్ చాలాసార్లు చూసుకున్నారు కదా, మీకూ కుదిరేట్టే ఉందని అర్థమైంది, అదే రేటుకు కానిచ్చేద్దాం" అన్నాడు.

ఆ మెయిల్ సంగతి తెలిసింది ఇద్దరికే, పెద్దాయనకూ, అకౌంట్స్ చూసే కుర్రాడికీ. నాకు ఫోన్ వచ్చింది. "అబ్బాయ్, మన ఆఫీసులో మాట బయటికి పోతా ఉంది. ఆ కుర్రోడి కంప్యూటర్ ఒకసారి చూసి చెప్పు" అన్నాడు.

నేను వెళ్లేసరికి ఆ అబ్బాయి షెడ్డు బయట కూర్చుని ఉన్నాడు. పాలిష్ మిషన్ల దగ్గర్నుంచి రాతిపొడి కలిసిన నీళ్లు కాలువలో పోతుంటే వాటినే చూస్తున్నాడు. ఆరేళ్లుగా ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ మాట రాలేదు. అతని కంప్యూటర్ గంటసేపు వెతికాను, ఏమీ లేదు. అప్పుడు ఆ మెయిలే తెరిచి దాని సోర్సు, అంటే మెయిల్ వెనకున్న అసలు కోడు, చూశాను. బ్రోకరు సంతకం, కంపెనీ లోగో, కింద నాలుగు వాక్యాల హెచ్చరిక, అన్నీ దాటాక చిట్టచివర ఒక బొమ్మ లైను. విడ్త్ 1, హైట్ 1. పక్కన బారెడు అడ్రసు. ఆ అడ్రసు బ్రోకరు కంపెనీది కూడా కాదు, ఎవరెవరు మెయిల్ తెరిచారో లెక్కతీసి ఇచ్చే సర్వీసుది. పెద్దాయన ఫోనులో ఉన్న మెయిల్ యాప్ బొమ్మలన్నిటినీ అడక్కుండా తెచ్చేస్తోంది. రాత్రి నిద్రపట్టక మంచం మీద పడుకుని ఆ మెయిల్ ఎన్నిసార్లు చూశాడో ఆయన దగ్గర లెక్క లేదు. బ్రోకరు దగ్గర ఉంది.

తెర మీద ఆ లైను చూపించి, అదేంటో చెప్పాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి బయటికి వెళ్లి ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకొచ్చాడు. బేరంలో పోయింది ఎంతో నేను అడగలేదు. ఆరేళ్లుగా నమ్మిన మనిషిని ఒక పూట దొంగను చూసినట్టు చూడాల్సి రావడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని మాత్రం నాకు కనపడింది. అందుకే ఎవరైనా "చిన్న బొమ్మే కదా" అంటే నేను ఒప్పుకోను.

మీది రొయ్యల వ్యాపారం. కౌంటును (తూకానికి ఎన్ని రొయ్యలన్నది) బట్టి రేటు, ఆ రేటూ నిలకడగా ఉండదు. ఆఫర్ ఎప్పుడు చూశారు, ఎన్నిసార్లు చూశారు, ఎంతసేపటికి జవాబిచ్చారు అన్నవి అవతలివాడికి తెలిస్తే మీ చేతిలో ముక్కలు వాడికి చూపించి ఆడినట్టే.

ఫార్వర్డ్ చేస్తే ఇంకో చిక్కు. మీరు ఆ మెయిల్‌ని చెన్నైలో ఉన్న క్లియరింగ్ ఏజెంటుకో, మీ ఆడిటరుకో పంపితే చుక్క కూడా దాంతోపాటే వెళ్తుంది. వాళ్లు తెరిచినప్పుడు మీకిచ్చిన అడ్రసుతోనే, కానీ వేరే ఐపీ నుంచి, బొమ్మ అడుగుతారు. మెయిల్ ఇంకొకరి చేతికి వెళ్లిందని పంపినవాడికి అర్థమైపోతుంది. ఇది కొత్త విద్య కాదు. 2006లో అమెరికాలో కంప్యూటర్ల కంపెనీ హ్యూలెట్ ప్యాకార్డ్ (హెచ్‌పీ) బోర్డు సంగతులు పత్రికలకు ఎవరు చేరవేస్తున్నారో కనిపెట్టడానికి ఆ కంపెనీ పెట్టుకున్న దర్యాప్తు మనుషులు ఒక విలేఖరికి ట్రాకింగ్ తగిలించిన మెయిల్ పంపారు. ఆమె దాన్ని ఎవరికి ఫార్వర్డ్ చేస్తుందో చూడాలని. ఆ సంగతి అదే ఏడాది అక్కడి పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది.

అన్ని ట్రాకింగ్ బొమ్మల వెనకా ఇంత కుట్ర ఉండదు. మామూలు షాపింగ్ కంపెనీలు, వార్తాలేఖలు పంపేవాళ్లు కూడా తమ మెయిల్ ఎంతమంది తెరిచారో లెక్క కోసం ఇదే పెడతారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 902 వెబ్‌సైట్ల నుంచి వచ్చిన 12,618 మెయిల్స్ పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో 85 శాతం మెయిల్స్‌లో పంపినవాళ్లవి కాని, మూడో పార్టీ సర్వర్ల నుంచి తెచ్చుకునే బొమ్మల్లాంటివి కనిపించాయి. దాదాపు 30 శాతం మెయిల్స్ తెరవగానే చదివేవారి మెయిల్ ఐడీ ఆ మూడో పార్టీలకు చేరిపోతోంది. అంటే మీరు ఒక దుకాణం మెయిల్ చూస్తే, మీరెప్పుడూ పేరు వినని ఇంకెవరో మీ ఐడీ రాసుకుంటున్నారు.

మీలాంటి ఆఫీసులకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం మోసగాళ్లతో. కంపెనీ డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే పేరు) తెలిస్తే ఇన్ఫో, సేల్స్, అకౌంట్స్, ఎక్స్‌పోర్ట్స్ అని ఊహించి అన్నిటికీ ఒక రాయి వేస్తారు. ఏ ఐడీ నుంచి బొమ్మ అడిగారో అది ప్రాణం ఉన్న ఐడీ, మనిషి కూర్చుని చదువుతున్నాడు. తర్వాత "మా బ్యాంకు అకౌంటు మారింది, ఈసారి డబ్బు ఇక్కడికి పంపండి" లాంటి మెయిల్స్ ఆ ఐడీకే గురిపెట్టి వస్తాయి. బొమ్మ చూసినంత మాత్రాన డబ్బు పోదు. కానీ ఎవరి మీద గురిపెట్టాలో మనమే చెప్పినట్టవుతుంది. (ఇప్పటికే అలాంటి మెయిల్ నమ్మి ఎవరైనా డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ వెంటనే చెప్పండి. మొదటి గంటలు చాలా విలువైనవి.)

ఇక మెయిల్ ప్రోగ్రాములు ఎవరెవరు ఏం చేస్తారో చూద్దాం. అన్నీ ఒకేలా కాపాడవు, ఇక్కడే జనం పొరబడతారు.

ఔట్‌లుక్ 2003 వెర్షన్ నుంచీ బయటి బొమ్మల్ని మొదటే ఆపుతోంది. మీకు వస్తున్న పట్టీ అదే. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము కూడా అంతే, అడిగితే తప్ప తేదు. ఈ రెండింటి పద్ధతి నాకు నచ్చుతుంది. మెయిల్‌లో అక్షరాలు చదువుకోవచ్చు, ఎవరికీ కబురు వెళ్లదు.

జీమెయిల్ 2013 డిసెంబరులో వేరే దారి పట్టింది. అంతకుముందు అదీ బొమ్మలు ఆపి "చూపించాలా" అని అడిగేది. అప్పట్నుంచి బొమ్మల్ని గూగుల్ సర్వర్లే తెచ్చి మీకు చూపిస్తున్నాయి. పంపినవాడికి కనపడేది గూగుల్ కంప్యూటర్ ఐపీ, మీది కాదు. ఇది మంచిదే. కానీ మెయిల్ తెరిచారన్న సంగతి మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే మీకు మాత్రమే ఇచ్చిన అడ్రసును గూగుల్ వెళ్లి అడిగేది మీరు తెరిచినప్పుడే. "నాది జీమెయిల్, నాకే భయం లేదు" అనేవాళ్లకు ఈ రెండో సగం తెలియదు. కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఇమేజెస్ అని ఉంటుంది. అక్కడ బయటి బొమ్మలు చూపించే ముందు అడగమని పెట్టుకోండి, పాత పద్ధతి తిరిగొస్తుంది.

ఐఫోనులో ఆపిల్ సొంత మెయిల్ యాప్ వాడితే 2021 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఒక రక్షణ ఉంది. అది ఎదురు ఎత్తు వేస్తుంది. మీరు మెయిల్ తెరిచినా తెరవకపోయినా బొమ్మల్ని వెనకాల తానే తెచ్చేసుకుంటుంది, అదీ మీ ఐపీ కనపడకుండా. పంపినవాడికి అన్ని మెయిల్సూ తెరిచినట్టే కనిపిస్తాయి కాబట్టి ఆ లెక్కకు విలువ ఉండదు. ఇది ఆపిల్ మెయిల్ యాప్‌కు మాత్రమే. ఐఫోనులోనే జీమెయిల్ యాప్ పెట్టుకుని చూసేవాళ్లకు ఈ రక్షణ వర్తించదు. ఐఫోను కొన్నాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు మీ ఔట్‌లుక్‌లో చేయాల్సింది. పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్ అనుకుని చెబుతున్నాను. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్. అక్కడ మొదటి టిక్కు బొమ్మల్ని దానంతటది తేవొద్దని. అది అలాగే ఉంచండి. కింద సేఫ్ సెండర్స్ జాబితాలో ఉన్నవాళ్ల బొమ్మలకు అనుమతి ఇమ్మని ఒకటి ఉంటుంది, అదీ ఉంచండి. ఆ వరసలోనే ఎడిట్ చేసేటప్పుడు, ఫార్వర్డ్, రిప్లై చేసేటప్పుడు బొమ్మలు తెచ్చే ముందు హెచ్చరించమని ఒక టిక్కు ఉంటుంది. అది తప్పనిసరిగా ఉండాలి. చదివేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా రిప్లై నొక్కగానే ఔట్‌లుక్ బొమ్మలు తేబోతుంది. ఆ హెచ్చరిక లేకపోతే అంతసేపు పడ్డ జాగ్రత్త అక్కడ పోతుంది. హెచ్చరిక రాగానే అలవాటుగా ఓకే కొట్టకండి, చదివి వద్దనండి.

తర్వాత మీ బయ్యర్లు, షిప్పింగ్ లైను, బ్యాంకు ఇలా రోజూ పని ఉన్నవాళ్ల మెయిల్ ఒక్కొక్కటి తెరిచి, ఆ పట్టీ మీద కుడి మౌసు నొక్కితే పంపినవాళ్లను సేఫ్ సెండర్స్‌లో చేర్చమనే మాట వస్తుంది. మనిషిని చేర్చండి. పక్కనే మొత్తం డొమైన్‌ను చేర్చమని కూడా ఉంటుంది, దాని జోలికి తొందరపడి వెళ్లొద్దు. సొంత డొమైన్ ఉన్న పెద్ద బయ్యరు అయితే ఆలోచించవచ్చు. జీమెయిల్, యాహూ లాంటి డొమైన్లను మాత్రం ఎప్పుడూ చేర్చకండి. నెల్లూరులోనే ఒక ఆఫీసులో ఎవరో జీమెయిల్ డొమైన్ మొత్తాన్ని చేర్చేశారు. జీమెయిల్ ఐడీ పెట్టుకున్న ప్రతివాడూ వాళ్లకు నమ్మకస్తుడైపోయాడు. పైగా సేఫ్ సెండర్స్‌లో ఉన్నవాళ్ల మెయిల్ జంక్ ఫోల్డర్‌కు కూడా పోదు. బొమ్మల కోసం తీసిన తలుపులోంచి చెత్తంతా ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. దాన్ని శుభ్రం చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సేఫ్ సెండర్స్‌లో ఉన్న పేరుతో మెయిల్ వచ్చిందని గుడ్డిగా నమ్మకూడదు కూడా. పంపినవారి పేరు, అడ్రసు కనపడే చోట అబద్ధం రాయడం కష్టం కాదు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అని మూడు తనిఖీలు ఉన్నాయి, మీ డొమైన్‌కు, మీ బయ్యరు డొమైన్‌కు అవి సరిగ్గా పెట్టి ఉంటే ఈ మోసం చాలావరకు ఆగుతుంది. రోజుకు 5,000 మెయిల్స్ మించి పంపేవాళ్లకు జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి చేసింది. మీ డొమైన్‌కు ఉన్నాయో లేదో మెయిల్ ఇచ్చినవాళ్లను ఒక్కసారి అడగండి. అదొక పెద్ద విషయం, దాని గురించి విడిగా రాయాలి.

బొమ్మలు ఆపితే పోతాయేమో అన్న భయం మీ ప్రశ్నలో కనపడింది. పోవు. అవి పంపినవాళ్ల సర్వర్లోనే ఉంటాయి. రేపు కావాలంటే ఆ ఒక్క మెయిల్‌కు "డౌన్‌లోడ్ పిక్చర్స్" నొక్కితే వస్తాయి, వాళ్లు అక్కడ తీసేయకుండా ఉంటే. అందుకే ల్యాబ్ రిపోర్టు, బీఎల్ (సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే పత్రం) కాపీ, సరుకు ఫోటోల్లాంటి ముఖ్యమైనవి ఎవరైనా మెయిల్ మధ్యలో బొమ్మలుగా చూపిస్తుంటే, అటాచ్‌మెంటుగా పంపమని అడగండి. క్లెయిమ్ వచ్చిన రోజున మీ దగ్గర కాపీ ఉండాలి, వాళ్ల సర్వర్లో కాదు.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. బొమ్మలు ఆపడం తెరిచిన సంగతిని మాత్రమే దాస్తుంది. మెయిల్‌లో లింకు నొక్కితే ఆ లింకు కూడా మీ పేరు మీదే తయారై ఉండవచ్చు, అక్కడ అంతా తెలిసిపోతుంది. రీడ్ రిసీట్ (మెయిల్ చదివామన్న రసీదు) అడిగినప్పుడు ఒప్పుకున్నా అంతే.

వైరస్ సంగతి. మామూలుగా బొమ్మ చూస్తే వైరస్ రాదు. అసలు రాదని మాత్రం అనలేను. బొమ్మను విప్పి చూపించే ప్రోగ్రాములో లోపం ఉంటే బొమ్మతోనే దెబ్బ కొట్టవచ్చు. 2004 సెప్టెంబరులో విండోస్‌లో జేపెగ్ బొమ్మల దగ్గర అలాంటి లోపం బయటపడి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మల్ని విప్పే భాగంలో ఇంకోటి దొరికింది, క్రోమ్‌తో మొదలుపెట్టి చాలా ప్రోగ్రాములకు, థండర్‌బర్డ్‌కు కూడా, అప్‌డేట్లు పరుగున ఇవ్వాల్సి వచ్చింది. అందుకే కంప్యూటర్ అప్‌డేట్లు వాయిదా వేయకండి. సీజన్లో కంటైనర్ పనుల మధ్య "తర్వాత చేద్దాం" అని నెలలు గడిపే ఆఫీసులు ఎన్నో.

2018 మేలో బయటపడిన ఈఫెయిల్ అన్న లోపం ఇంకా చిత్రమైనది. రహస్య లిపిలోకి మార్చి పంపిన మెయిల్‌ని దారిలో పట్టుకున్నవాడు దాని చుట్టూ ఒక బొమ్మ అడ్రసు అల్లి తిరిగి పంపితే, చదివేవాడి ప్రోగ్రాము మెయిల్‌ని తానే విప్పి, విప్పిన అక్షరాల్ని బొమ్మ అడ్రసులో కలిపి పంపినవాడికే చేరవేసేది. తాళం పగలగొట్టే పని లేదు, ఇంటివాడే తీసి ఇచ్చాడు. బయటి బొమ్మలు ఆపుకున్నవాళ్లకు ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

చివరిగా, మీరు అడగలేదు గానీ మీ పనికి వచ్చే మాట. మీ బయ్యర్లలో చాలామంది దగ్గర కూడా బొమ్మలు ఆగిపోతుంటాయి. ఒక ప్లాంటువాళ్లు తమ ఆఫర్ లిస్టును చక్కటి పోస్టరులా చేయించి, ఆ ఒక్క బొమ్మనే మెయిల్‌గా పంపించేవాళ్లు. కౌంటు, గ్లేజింగ్, ప్యాకింగ్, రేటు, అన్నీ ఆ బొమ్మలోనే. మూడు వారాలు ఒక్క జవాబూ లేదు. మార్కెట్ బాగాలేదు అనుకున్నారు. పాత బయ్యరొకరు "మీ మెయిల్స్ ఖాళీగా ఎందుకొస్తున్నాయి" అని అడిగితే తెలిసింది. రేట్లు అక్షరాల్లో, మామూలు పట్టికగా రాయండి. ఫోటోలు అటాచ్ చేయండి. లోగో పెట్టాలనుకుంటే లింకుగా కాకుండా మెయిల్‌లోనే కలిపి పెట్టండి. మీ సంతకంలో బొమ్మ ఉంటే దానికి బదులు కనిపించే మాట కూడా రాసిపెట్టండి, బొమ్మ రాకపోయినా కంపెనీ పేరు కనపడుతుంది. "మీ మెయిల్ తెరిచారో లేదో మేం చెబుతాం" అని ఎవరైనా సర్వీసు అమ్మడానికి వస్తే మీ సారును ఒప్పుకోవద్దనండి. మనకు ఎవరైనా చేస్తే బాధపడే పని మన బయ్యర్లకు చేయొద్దు.

సెట్టింగ్ చేశాక ఒక చిన్న పరీక్ష చేసుకోండి. జీమెయిల్ అయితే మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్", థండర్‌బర్డ్ అయితే కంట్రోల్ యు. ఔట్‌లుక్‌లో మెయిల్‌ని విడి విండోలో తెరిచి యాక్షన్స్ కింద అదర్ యాక్షన్స్‌లో వ్యూ సోర్స్. అందులో విడ్త్ (width) అన్న మాట పక్కన 1 ఉందేమో వెతకండి. అందరూ 1 అనే రాయరు, అసలు సైజు రాయకుండా పెట్టేవాళ్లూ ఉంటారు, కానీ నాలుగైదు మెయిల్స్ చూస్తే ఒకటైనా దొరుకుతుంది. దొరికితే అది మీ సారుకు తెర మీద చూపించండి. నేను నోటితో ఎంత చెప్పినా ఒప్పుకోని ఓనర్లు ఆ లైను చూశాక ఇంకేం అడగలేదు.

మీ సారు ఆఫీసు మెయిల్ ఫోనులో కూడా చూస్తుంటారు కదా, ఏ ఫోనులో, ఏ యాప్‌లో చూస్తారో రాయండి. కంప్యూటర్లో ఇదంతా చేసి ఫోను వదిలేస్తే చీమకుర్తి పెద్దాయనకు జరిగిందే జరుగుతుంది. కంప్యూటర్లో ఉన్నది కొత్త ఔట్‌లుక్ అయితే అదీ చెప్పండి, దాంట్లో మెనూలు వేరు. యాప్ పేరు తెలిస్తే ఏది ఎక్కడ నొక్కాలో వరసగా రాస్తాను.